అక్షరాల తెర, చెదిరే ధ్యాస: టెక్స్ట్ కంప్యూటింగ్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

ఫోను, కంప్యూటరు మన ధ్యాసను చెదరగొడుతున్నాయన్న ఫిర్యాదుకు ఈమధ్య ఒక విచిత్రమైన విరుగుడు ప్రచారంలోకి వచ్చింది. బొమ్మలు, వీడియోలు, రంగుల గుర్తులు ఏవీ లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే తెర మీదకు పనిని మార్చుకుంటే మనసు కుదుటపడుతుందన్నది ఆ సలహా. చెప్పేవారిలో ప్రోగ్రామర్లు ఎక్కువ, రచయితలూ కొందరున్నారు. వినేవారికి మాత్రం అది ఒకసారి ఆదేశాలు టైపు చేసి కంప్యూటరును నడిపిన పాత డాస్ రోజులకు వెళ్ళిపొమ్మన్నట్టు, ఇంకోసారి కీప్యాడ్ ఫోను కొనుక్కోమన్నట్టు, మరోసారి నోట్‌ప్యాడ్‌లో రాసుకోమన్నట్టు వినిపిస్తుంది. ఈ మూడింటికీ పొంతన తక్కువ. కాబట్టి ముందు మాటలను విడదీసి చూడాలి. ఆ తర్వాతే ఈ సలహాలో పస ఎంతో తేలుతుంది.

ఒకే పేరుతో చలామణి అవుతున్న నాలుగు విషయాలు

మొదటిది ప్లెయిన్ టెక్స్ట్ ఫైలు. అక్షరాలు, ఖాళీలు, పంక్తుల విరుపులు తప్ప మరేదీ అందులో ఉండదు. అక్షరం లావు, రంగు, పరిమాణం వంటి అలంకారాలకు చోటు లేదు. వర్డ్‌లో తయారయ్యే డాక్స్ ఫైలు పైకి ఒక్కటిగా కనిపించినా, నిజానికి అది అనేక ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళను జిప్ చేసి కట్టిన మూట. దాన్ని విప్పి చూపడానికి తగిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. టెక్స్ట్ ఫైలును మాత్రం ఏ కంప్యూటరైనా, ఏ ఎడిటరైనా తెరుస్తుంది.

రెండోది కమాండ్ లైన్. మౌసుతో గుర్తుల మీద నొక్కడానికి బదులు, కావలసిన పనిని టైపు చేసి కంప్యూటరుకు చెప్పే పద్ధతి ఇది. ఆ మాటలు టైపు చేసే కిటికీని టెర్మినల్ అంటారు. మూడోది అక్షరాలకే పరిమితమైన ఇంటర్నెట్: 1992లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో పుట్టి నేటికీ వాడుకలో ఉన్న లింక్స్ బ్రౌజరు, గోఫర్, జెమిని వంటి ప్రోటోకాళ్ళు (కంప్యూటర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే నియమావళులు), కొన్ని వార్తా సంస్థలు నడిపే అక్షర ప్రతులు ఈ కోవలోకి వస్తాయి. 2017లో ఇర్మా తుఫాను ఫ్లోరిడా వైపు వస్తున్నప్పుడు సీఎన్ఎన్ అలాంటి ప్రతిని తెచ్చింది. సన్నని నెట్‌వర్కు మీద కూడా వార్త అందాలన్నది ఉద్దేశం, ధ్యాస సంగతి అప్పటికి దాని లెక్కలో లేదు. నాలుగోది రాతకే అంకితమైన సాధనాలు. తెర నిండా ఖాళీ పుట తప్ప మెనూలు కూడా చూపని ఎడిటర్లు 2006 ప్రాంతం నుంచి పేరు తెచ్చుకున్నాయి. ఇంటర్నెట్ లేని కంప్యూటరులో 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ అనే రాత సాఫ్ట్‌వేర్‌ను నేటికీ వదలని నవలా రచయితలూ ఉన్నారు.

ఈ నాలుగింటిలో ఒకటి వాడినంత మాత్రాన మిగతావి వాడాలని లేదు. గ్రాఫికల్ ఎడిటరులోనే టెక్స్ట్ ఫైలు రాసుకోవచ్చు, టెర్మినల్‌లో కూర్చుని యూట్యూబ్ వీడియోలు దించుకోవచ్చు. ఇక కీప్యాడ్ ఫోను అసలు ఈ జాబితాలోది కాదు. అది సౌకర్యాలను తగ్గించుకోవడం, ఇవి పని చేసే తీరును మార్చుకోవడం.

అక్షరాల తెర ప్రోగ్రామర్ల సరదా మాత్రమే అనుకోవడం కూడా సరికాదు. రైల్వే రిజర్వేషన్ కౌంటరులో టికెట్ తీసుకున్నవారు దాని ఫలితాన్ని అనుభవించినవారే. 1994లో సికింద్రాబాద్‌లో మొదటిసారి అమలులోకి వచ్చి, 1999 నాటికి దేశంలోని ప్రధాన రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపిన 'కాన్సర్ట్' వ్యవస్థ అక్షరాల తెరల మీద నడిచింది. సికింద్రాబాద్‌కు 'ఎస్సీ', విజయవాడకు 'బీజడ్‌ఏ' అని గుర్తులు కొడుతూ, మౌసు మీద చేయి వేయకుండా గుమాస్తా వరుసను కదిలించేవాడు. వేగంగా, ఒకే రకం పనిని రోజంతా చేయవలసిన చోట ఈ పద్ధతికి సాటి వచ్చేది తక్కువ.

ఆ తెరకు మౌనం ఎలా అబ్బింది

టెర్మినల్ అభిమానులు ఎక్కువగా మెచ్చుకునే గుణం దాని మౌనం. యూనిక్స్, లినక్స్ అనే ఆపరేటింగ్ వ్యవస్థల్లో ఒక ఫైలుకు నకలు తీయమని ఆదేశిస్తే, పని సవ్యంగా జరిగినప్పుడు తెర మీద ఏమీ కనిపించదు. 'విజయవంతంగా పూర్తయింది' అన్న అభినందన ఉండదు, అయిదు నక్షత్రాల రేటింగు అడగదు. ఏదైనా తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది.

దీని వెనుక ధ్యాన తత్వం ఏదో ఉందని ఊహించేవారికి చరిత్ర కాస్త నిరాశ కలిగిస్తుంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టినప్పుడు వారు ఆదేశాలిచ్చింది నేటిలాంటి తెర మీద కాదు. అందుకు కాగితం చుట్ట మీద అచ్చు కొట్టే టెలిటైపు యంత్రం ఉండేది. ఆ కాలంలో విరివిగా వాడిన మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరాలు మాత్రమే కొట్టగలిగేది. 72 అక్షరాల ఒక్క పంక్తి కోసం 7 సెకన్లకు పైగా ఎదురుచూడవలసిన చోట ప్రతి అనవసరమైన మాటా కాలానికీ కాగితానికీ దండగే. ఆదేశాల పేర్లు రెండు మూడు అక్షరాలకు కుదించుకుపోవడానికీ, ప్రోగ్రాములు మితభాషులు కావడానికీ అదే ప్రధాన కారణం. 'ఎడ్' అనే తొలినాటి ఎడిటరు పొరపాటు జరిగితే ఒక్క ప్రశ్నార్థకం కొట్టి ఊరుకునేది. ఆ పొరపాటేమిటో వాడేవారే కనిపెట్టాలి.

1973లో అదే ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ చొరవతో పైపు అనే ఏర్పాటు వచ్చాక ఈ పొదుపుకు మరో ప్రయోజనం చేకూరింది. ఒక ప్రోగ్రాము రాసిన దాన్ని మరో ప్రోగ్రాము చదువుకునే వీలు కలిగింది. మొదటిది మధ్యలో మర్యాద మాటలు కలిపితే రెండోదాని లెక్క తప్పుతుంది కాబట్టి, మౌనం అవసరం నుంచి నియమంగా మారింది. యంత్రం నెమ్మదిగా ఉన్నందుకు పుట్టిన అలవాటు, యంత్రాలు లక్షల రెట్లు వేగం పుంజుకున్నాక మనిషి మనసుకు సాయపడుతోందని చెప్పుకోవడం చరిత్రలోని తమాషాల్లో ఒకటి.

పాల లెక్క: ఒక చిన్న ఉదాహరణ

మాటల్లో చెబితే ఇదంతా గాలిలో ఉన్నట్టు ఉంటుంది కాబట్టి ఇంటి ఖర్చుల ఫైలు ఒకటి ఊహించుకుందాం. అందులో పంక్తికి ఒక ఖర్చు:

2025-06-03 పాలు 64
2025-06-04 కూరగాయలు 180
2025-06-04 పాలు 64
2025-06-05 గోపాలుడికి బదులు 500
2025-06-05 పాలు 64

పాలకు ఎంతయిందో తెలియాలంటే, ఇచ్చిన అక్షరాలున్న పంక్తులను ఏరి ఇచ్చే 'గ్రెప్' అనే ఆదేశానికి 'పాలు' అన్న మాట ఇచ్చి, వచ్చిన పంక్తులను పైపు ద్వారా 'ఆక్' అనే మరో సాధనానికి పంపి, చివరి అంకెలను కూడమనవచ్చు. జవాబుగా 192 రావాలి, వచ్చేది 692. గోపాలుడిలోనూ 'పాలు' ఉన్నాయి కదా! కంప్యూటరుకు అర్థంతో పని లేదు, అక్షరాల వరుస కలిసిందా లేదా అన్నదే దానికి కావాలి. వెతికే మాటకు ముందూ వెనుకా ఖాళీ చేర్చి మళ్ళీ అడిగితే 192 వస్తుంది.

ఈ చిన్న లెక్కలోనే ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ ఉన్నాయి. ఫైలు పదేళ్ళ తర్వాత కూడా తెరుచుకుంటుంది, లెక్క ఎలా వచ్చిందో మొదటి నుంచి చివరి దాకా చూసుకోవచ్చు, అడిగిన దానికి మించి ఒక్క ముక్క కూడా తెర మీదకు రాదు. అదే పనిని ఫోనులోని ఉచిత యాప్‌తో చేస్తే గోపాలుడి గొడవ రాకపోవచ్చు. కానీ చాలా యాప్‌లలో మొత్తం కనిపించే లోపు ఒక ప్రకటన, ఒక రుణ ప్రతిపాదన, 'ఈ వారం మీ పొదుపు' అంటూ ఒక ఎర్ర చుక్క ఎదురవుతాయి. 64 రూపాయలు రాసుకుందామని ఫోను తీసినవారు అక్కడి నుంచి ఎక్కడికి వెళతారో చెప్పలేం. అక్షరాల పద్ధతిలో వాడేవారికి శ్రమ, జాగ్రత్త ఎక్కువ. యాప్‌లో శ్రమ తక్కువ, దారి తప్పించే మలుపులు ఎక్కువ.

ధ్యాస గురించి పరిశోధనలు ఏమంటున్నాయి

సమాచారం సమృద్ధిగా ఉన్నచోట ధ్యాసకు కరువు ఏర్పడుతుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే రాశారు. ఆ మాటను కొలిచి చూపే ప్రయత్నాల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్ ప్రాంగణానికి చెందిన గ్లోరియా మార్క్ పరిశోధన తరచుగా ప్రస్తావనకు వస్తుంది. కంప్యూటరు మీద పనిచేసేవారు ఒక తెర నుంచి మరో తెరకు మారే ముందు మొదటి తెర మీద 2004 ప్రాంతంలో సగటున సుమారు రెండున్నర నిమిషాలు ఉండేవారని, ఇటీవలి సంవత్సరాల్లో అది 47 సెకన్లకు తగ్గిందని ఆమె పరిశీలన. ఈ అంకెను చాలామంది 'మనిషి ఏకాగ్రత 47 సెకన్లే' అని పొరపాటుగా చెబుతారు. అది తెర మారిన వ్యవధి మాత్రమే. లెక్క చూసుకోవడానికి పని మధ్యలో క్యాలిక్యులేటరు తెరిచినా తెర మారినట్టే.

పని మారినప్పుడు జరిగే నష్టం మీద పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చేసిన అధ్యయనం మరింత సూటిగా ఉంటుంది. అసంపూర్తిగా వదిలిన పని తాలూకు ఆలోచన తర్వాతి పనిలోకి వెంట వస్తుందని, దాంతో రెండో పని నాణ్యత తగ్గుతుందని ఆమె చూపారు. ఫోను బల్ల మీద ఉంటేనే ఆలోచనా శక్తి తగ్గుతుందని 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పిన ఫలితానికి అంత బలం లేదు. తర్వాత అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినవారిలో కొందరికి ఆ ప్రభావం కనిపించలేదు.

అక్షరాల తెర పక్షం వారికి ఇబ్బంది కలిగించే అంశం మార్క్ పరిశోధనలోనే ఉంది. పనికి కలిగే అంతరాయాల్లో దాదాపు సగం బయటి నుంచి వచ్చేవి కావు. ఏ గంటా మోగకుండానే మనంతట మనం పని ఆపి వేరే దాని వైపు వెళతాం. తెరను ఎంత బోసిగా చేసినా ఆ సగాన్ని నేరుగా తాకలేం.

బొమ్మల దోషమా, పిలుపుల దోషమా

ఇక్కడ అసలు చిక్కుముడి మొదలవుతుంది. ధ్యాసను చెదరగొట్టేవి బొమ్మలే అయితే, అక్షరాలతో మాత్రమే నడిచేవి ప్రశాంతంగా ఉండాలి. అనుభవం అలా చెప్పదు. ట్విట్టర్ 2006లో పుట్టినప్పుడు 140 అక్షరాల పొడి మాటలే. ఎస్సెమ్మెస్‌లో ఇమిడేలా ఆ కొలత పెట్టుకున్నారు. 1988 నాటి ఐఆర్‌సీ అనే అక్షరాల కబుర్ల వేదిక ముందు తెల్లవార్లూ కూర్చున్నవారు లెక్కలేనంతమంది. వాట్సాప్ కుటుంబ బృందంలో శుభోదయం బొమ్మలన్నీ తీసేసినా, ఆస్తి పంపకాల మీద మొదలైన వాదం ఎవరినీ పని చేసుకోనివ్వదు. మరోవైపు, భవనాల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ నిండా బొమ్మలూ రంగులే అయినా, ఆర్కిటెక్టు గంటల తరబడి దానిలో మునిగి పనిచేస్తాడు.

తేడా అక్షరాల్లోనో బొమ్మల్లోనో ఉన్నట్టు కనిపించదు. మాట ముందు కలిపేది ఎవరన్న దానిలో ఉంది. అడిగితేనే సమాచారం ఇచ్చే ఏర్పాటును సాంకేతిక భాషలో పుల్ అని, అడగకపోయినా తెచ్చి ఇచ్చే ఏర్పాటును పుష్ అని అంటారు. మనం గ్రంథాలయానికి వెళ్ళి పత్రిక తిరగేయడానికీ, పేపరు కుర్రాడు అయిదు నిమిషాలకోసారి తలుపు కొట్టి కొత్త వార్త చెప్పడానికీ మధ్య ఉన్న తేడా అది. ఐఫోన్‌లో యాప్‌లు నోటిఫికేషన్లు పంపే ఏర్పాటును యాపిల్ 2009లో తెచ్చింది. 2006లో డిజైనరు అజా రాస్కిన్ రూపొందించిన అంతులేని స్క్రోల్ ఇంకొక అడుగు: అక్కడ అడిగేది మనమే అయినా, చాలు అని చెప్పే అంచు కనిపించదు.

ఈ కోణంలో చూస్తే జెమిని ప్రోటోకాల్ నిర్మాణం అర్థమవుతుంది. సోల్డర్‌పంక్ అనే కలం పేరుతో ఒకరు 2019లో దీన్ని మొదలుపెట్టారు. 1991లో మినెసోటా విశ్వవిద్యాలయం తయారుచేసిన గోఫర్‌కూ నేటి వెబ్‌కూ మధ్యస్థంగా దీన్ని రూపొందించారు. నొక్కిన ప్రతి లింకుకూ ఒకే ఒక పత్రం వస్తుంది. ఆ పత్రం వాడేవారికి తెలియకుండా మరో ఫైలును తెప్పించుకోలేదు. వచ్చినవారిని గుర్తుపెట్టుకునే కుకీలు, పేజీలో తమంతట తాము నడిచే స్క్రిప్టులు లేవు. పేజీకి బొమ్మ జతచేయడం నిషేధమేమీ కాదు గానీ, చూడాలనుకున్నవారు దాని లింకును విడిగా నొక్కాలి. అంటే ఇక్కడ తీసేసింది బొమ్మను కాదు, అడగకుండా వచ్చే హక్కును.

బరువులోనూ తేడా చిన్నది కాదు. ఈ వ్యాసం మొత్తం టెక్స్ట్ ఫైలుగా యాభై కిలోబైట్లకు అటూ ఇటూ ఉంటుంది; నేటి వెబ్ పేజీల మధ్యస్థ బరువు రెండు మెగాబైట్లు దాటింది. దాదాపు నలభై రెట్లు. ఆ అదనపు బరువులో పాఠకుడికి పనికివచ్చే బొమ్మలూ ఉంటాయి, పాఠకుడిని కనిపెట్టుకుని ఉండే స్క్రిప్టులూ ఉంటాయి.

తెలుగువారికి మరో చిక్కు

ఇంగ్లీషు రాసేవారికి చేసే సలహాను తెలుగు రాసేవారికి యథాతథంగా అప్పగించలేం. టెర్మినల్ తెర గళ్ళ కాగితం లాంటి కొలతతో నడుస్తుంది: గడికి ఒక అక్షరం. ఇంగ్లీషు అక్షరాలకు సంకేతాలిచ్చే 1963 నాటి ఆస్కీ పట్టికలోని 128 సంకేతాలకు ఇది చక్కగా సరిపోయింది. తెలుగు లిపి గళ్ళలో ఇమిడేది కాదు. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు (స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం), వాటిని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. టెర్మినల్ లెక్కలో హల్లుకొక గడి చొప్పున మూడు గళ్ళు. మూడు గళ్ళ చోటు కేటాయించి, అందులో ఒక అక్షరం గీసి, దాని వత్తులకు కింద జాగా లేక నరికేస్తే తెర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కర్సరు ఒకచోట, అక్షరం మరొకచోట కనిపిస్తాయి. గ్రాఫిక్స్ లేని లినక్స్ కన్సోల్ సంగతి మరీ దారుణం. దాని ఫాంటులో 512 ఆకారాలకు మించి పట్టవు, వత్తులను కూర్చే యంత్రాంగమే లేదు. కొన్ని కొత్త టెర్మినళ్ళు ఈ సమస్యను కొంతవరకు పరిష్కరించాయి గానీ ఇంకా నిశ్చింతగా రాసుకునే స్థితి రాలేదు.

టెక్స్ట్ ఫైలు ఎప్పటికీ చదవగలిగేదన్న మాట కూడా తెలుగు విషయంలో యూనికోడ్ వచ్చాకే నిజమైంది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ తెలుగు విద్యార్థులు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని తయారుచేశారు. చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. లిపి లేకపోయినా తెలుగు మాటలు ఆస్కీలో నిలిచాయి. ఆనాటి ఆర్‌టీఎస్ ఫైలు నేటికీ చదవగలం. అదే కాలంలో, ఆ తర్వాత డీటీపీ కేంద్రాల్లో సొంత సంకేతాలున్న ఫాంట్లతో కూర్చిన వేలాది పుస్తకాల ఫైళ్ళు మాత్రం, ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తుల గుంపుగా తెరుచుకుంటాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ప్రత్యేకమైన కన్వర్టర్లు కావాలి.

ఇదే లెక్క ఎస్సెమ్మెస్‌లోనూ ఉంది. ఒక సందేశానికి 140 బైట్లు. ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే పడతాయి. కనుక తెలుగులో రాసేవారికి ఈ నాలుగు పద్ధతుల్లో టెక్స్ట్ ఫైలు, నిరాడంబరమైన ఎడిటరు బాగా కుదురుతాయి. టెర్మినల్ ఆదేశాలు ఇవ్వడానికీ, గ్రెప్ లాంటి వెతుకులాటకూ పనికివస్తుంది గానీ తెలుగు పేజీ చదువుకునే చోటు కాలేదు.

కాదనేవారి వాదన

అక్షరాల తెర చదువు, టైపింగు, కొంత ఇంగ్లీషు వచ్చినవారికే అందుబాటులో ఉంటుందన్నది మొదటి అభ్యంతరం, అది న్యాయమైనదే. మన దేశంలో వాయిస్ మెసేజీ, వీడియో, గుర్తులు ఎందరినో మొదటిసారి ఇంటర్నెట్‌లోకి తెచ్చాయి. రైతుకు తెగులు సోకిన ఆకు ఫోటో పంపడం కంటే దాన్ని మాటల్లో వర్ణించడం సులువని ఎవరూ అనలేరు. చూపు లేనివారి విషయంలో జవాబు రెండు విధాలుగా ఉంటుంది: తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడరు సాదా పాఠ్యాన్ని హాయిగా చదువుతుంది, కానీ తెర నిండా గీతలతో పెట్టెలు గీసి చూపే టెర్మినల్ ప్రోగ్రాములను చదవడం దానికి కష్టం.

రెండో అభ్యంతరం ఈ పద్ధతి అభిమానులకే బాగా తెలుసు. టెర్మినల్‌ను తీర్చిదిద్దుకోవడమే ఒక వ్యసనం కాగలదు. 1976లో పుట్టిన ఈమాక్స్ ఎడిటరులో ఉత్తరాలు చదువుకోవచ్చు, టెట్రిస్ ఆడుకోవచ్చు. దాని సెట్టింగుల ఫైలును మెరుగుపరుస్తూ సాయంత్రాలు గడిపేసినవారు దాన్ని ధ్యాస తప్పడంగా లెక్కవేయరు, చేస్తున్నది పనిలాగే ఉంటుంది కాబట్టి. మూడో వాదన మరింత సూటిగా ఉంటుంది: ఫోనులో నోటిఫికేషన్లు ఆపేస్తే సరిపోయేదానికి ఇంత ఆర్భాటం ఎందుకని. పుష్‌ను ఆపడమే అసలు సంగతి అయితే ఈ వాదనకు బలం ఉంది. కానీ యాప్‌ను నవీకరించినప్పుడల్లా కొత్త రకం నోటిఫికేషన్లు పుట్టుకొస్తాయి, వాటిని మళ్ళీ వెతికి ఆపాలి. టెక్స్ట్ ఫైలుకు అలా పిలిచే నోరు మొదటి నుంచీ లేదు. కాపలా పని తప్పడమే ఇక్కడ లాభం.

ప్రశ్న మనదే అయినప్పుడు

పుల్, పుష్ అన్న విభజనకు లొంగని కొత్త రకం ఒకటి వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలయ్యాక, కోట్లమంది రోజూ వాడుతున్నది మళ్ళీ అక్షరాల తెరే: మనం టైపు చేస్తాం, అది టైపు చేస్తుంది. 2025లో పెద్ద ఏఐ సంస్థలు టెర్మినల్‌లోనే పనిచేసే సహాయకులను కూడా తెచ్చాయి. మాట ముందు కలిపేది మనమే కాబట్టి పై లెక్క ప్రకారం ఇవి పుల్ వైపు నిలవాలి. అయితే జవాబు చివర 'ఇంకొంచెం వివరించనా, పట్టిక రూపంలో ఇవ్వనా' అని అడిగే అలవాటు వీటిలో తరచుగా కనిపిస్తుంది, సంభాషణకు సహజమైన అంచు ఎక్కడా లేదు. గ్రెప్ ఐదు పంక్తుల ఫైలులో వెతికి నాలుగు పంక్తులు ఇచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే ఫైలులో అంతకు మించి లేదు. ఈ సహాయకులకు అలాంటి ఫైలు చివర అంటూ లేకపోవడం వల్ల, అంతులేని స్క్రోల్ దగ్గర ఎదురైన ప్రశ్నే ఇక్కడా ఎదురవుతోంది. ఈసారి తెర మీద బొమ్మ ఒక్కటీ లేదు.